మానేసిన పిల్లలు మళ్లీ గ్రౌండ్‌కి ఎలా వస్తారు?

బడులు తెరిచిన కొత్తలో, అంటే జూన్, జూలైల్లో, మా వ్యాయామ విద్య విభాగానికి తల్లిదండ్రుల నుంచి ఒకే తరహా ప్రశ్నలు వస్తుంటాయి. షటిల్ కోచింగ్ ఎక్కడ బాగుంటుంది? స్విమ్మింగ్‌కి ఏ వయసులో పంపాలి? ఎలాంటి షూస్ కొనాలి? సెప్టెంబరు వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది. "సార్, మావాడు నెల రోజులు బాగానే వెళ్లాడు. ఇప్పుడు ఎంత లేపినా లేవడం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఈ మధ్యలో జరిగింది కొత్తదేమీ కాదు. ఒక యూనిట్ టెస్ట్ వచ్చింది. వారం రోజులు ముసురు పట్టింది. వినాయక చవితికి ఊరెళ్లారు. తిరిగి వచ్చాక మూడు రోజులు జ్వరం. అప్పటికి రాకెట్ బీరువా పైకి ఎక్కేసింది. కట్టిన ఫీజు తలుచుకుని నాన్నకు కోపం. "వీడికి పట్టుదల లేదండీ" అని అమ్మకు బెంగ.

ఈ నెల మనం మాట్లాడుకోబోయేది ఆ 'పట్టుదల' అన్న మాట గురించే. పిల్లలు వ్యాయామం మానేయడానికి కారణం పట్టుదల లేకపోవడం అని మనం అనుకున్నంత కాలం, మనకు తోచే మందులు రెండే: తిట్టడం, లేదా ఆశ చూపడం. రెండూ ఎక్కువ రోజులు పనిచేయవు. నిజానికి మొదలుపెట్టడం దాదాపు పిల్లలందరికీ వచ్చు. మధ్యలో ఆగడం కూడా దాదాపు అందరికీ జరుగుతుంది. తేడా వచ్చేది ఆగిన తర్వాతి వారంలో. ఆ వారంలో ఇంట్లో ఏం జరుగుతుందన్నదాని మీదే చాలా భాగం ఆధారపడి ఉంటుంది.

ఎంత కావాలి, ఎంత అందుతోంది

ముందు లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఉండాలి. అది కూడా ఊపిరి వేగం పెరిగేలా. అందులో వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చేవి ఉండాలి: పరుగు, గెంతడం, స్కిప్పింగ్, కబడ్డీ లాంటివి. 60 నిమిషాలూ ఒకేసారి కానక్కర్లేదు. 'సగటున' అన్న మాట కూడా గమనించండి. ఒక రోజు తగ్గితే ఇంకో రోజు పూరించుకోవచ్చు.

ఇదే సంస్థ పరిశోధకులు 2016 వరకు ఉన్న సమాచారంతో వేసిన అంచనా ప్రకారం, ప్రపంచం మొత్తం మీద 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఈ మాత్రం కదలిక లేదు. ఆడపిల్లల్లో అయితే 85 శాతం.

బడిలో గేమ్స్ పీరియడ్ ఉంది కదా అని మీరు అనొచ్చు. ఉంది. కానీ 40 నిమిషాల పీరియడ్‌లో క్లాసు నుంచి గ్రౌండ్‌కి రావడం, వరసలో నిలబడటం, టీములు వేసుకోవడం, తన వంతు కోసం ఎదురుచూడటం తీసేస్తే నిజంగా పరుగెత్తే సమయం అందులో సగం ఉంటే గొప్ప. అలాంటి పీరియడ్లు వారంలో ఎన్ని ఉన్నా, రోజుకు 60 నిమిషాల లెక్క బడి ఒక్కటే తీర్చలేదు. మిగతాది కాలనీ పార్కులోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, మేడ మీదనో జరగాల్సిందే.

ఎముకల బలంలో అధిక భాగం టీనేజ్ పూర్తయ్యేలోపే సమకూరుతుంది. నలభై ఏళ్ల వాళ్లు నడక మొదలుపెట్టినా మేలే, కానీ పదమూడేళ్ల వయసులో గెంతి సంపాదించుకునే ఎముక బలం అప్పుడు దొరికేది కాదు. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆటలు ఆగిపోవడం చిన్న విషయం కాదని మేం పదే పదే చెప్పేది.

ఒక రోజు తప్పితే ఏమవుతుంది?

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. దానికి గట్టి ఆధారం లేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం ఈ విషయాన్ని కొలిచి చూసింది. వారి అధ్యయనం 2010లో అచ్చయింది. 96 మంది రోజూ చేయడానికి ఒక్కో చిన్న పని ఎంచుకున్నారు. భోజనంతో ఒక పండు తినడం, గ్లాసు నీళ్లు తాగడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు లాంటివి. 12 వారాలు గమనించి లెక్కగడితే, ఆ పని ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి. కొందరికి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. వ్యాయామం ఎంచుకున్నవారికి నీళ్లు తాగడం లాంటివి ఎంచుకున్నవారి కంటే ఎక్కువ రోజులు పట్టాయి.

ఇవి రోజూ చేసే పనులు. వారానికి మూడు రోజుల కోచింగ్ అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందనుకోవడమే సబబు. అంటే జూన్‌లో చేరిన పిల్లవాడు ఆగస్టులో బద్ధకిస్తున్నాడంటే వాడిలో లోపం ఉందని కాదు. అలవాటు ఇంకా పండలేదని మాత్రమే.

ఆ అధ్యయనంలో తల్లిదండ్రులకు అన్నింటికంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం మళ్లీ మొదటికి రాలేదు. తప్పిన రోజు తప్పింది, మరుసటి రోజు నుంచి లెక్క కొనసాగింది. మన ఇళ్లలో మాత్రం ఒక రోజు తప్పితే 'ఇంక అయిపోయింది' అన్న తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పు పిల్లలు కూడా త్వరగా నేర్చుకుంటారు.

తిరిగి వచ్చిన రోజు

అమెరికాలో ఒక పెద్ద జిమ్ సంస్థ సభ్యులు 61 వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగం ఫలితాలు 2021లో నేచర్ పత్రికలో వచ్చాయి. కేటీ మిల్క్‌మన్, ఆమెతో పాటు అనేకమంది పరిశోధకులు కలిసి నాలుగేసి వారాల కార్యక్రమాలు 54 రూపొందించారు. గుర్తుచేసే సందేశాలు, బహుమతులు, ప్రణాళికలు, ఇలా ఎవరికి తోచింది వారు పరీక్షించారు. అన్నింటిలోకీ ముందు నిలిచింది ఏమిటో తెలుసా? ఒకసారి జిమ్‌కి రావడం తప్పాక మళ్లీ వచ్చినవారికి కొద్దిపాటి అదనపు పాయింట్లు ఇవ్వడం. ఆ పాయింట్ల విలువ పది సెంట్లు కూడా ఉండదు. డబ్బు చూసి ఎవరూ వచ్చి ఉండరు. 'తప్పినా పరవాలేదు, మళ్లీ రా' అని ఎవరో చెప్పినట్టు అనిపించడమే పనిచేసి ఉంటుందని మా అభిప్రాయం.

అదే ప్రయోగంలో ఇంకో నిజం కూడా బయటపడింది. కార్యక్రమాల్లో దాదాపు సగం, అంటే 45 శాతం, ఆ నాలుగు వారాల్లో రాకను పెంచాయి. ఆ తర్వాత కూడా ప్రభావం మిగిలింది 8 శాతం కార్యక్రమాలకే. నెల రోజుల ఛాలెంజ్‌లు, సర్టిఫికెట్లు, యాప్‌లు చూసి మురిసిపోయే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. పది రోజుల తర్వాత అబ్బాయి రాకెట్ చేతిలోకి తీసుకున్నాడు. హాల్లో నాన్న ఉన్నారు. "ఓహో, ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా! మూడు నెలల ఫీజు కట్టాను, వెళ్లింది పాతిక రోజులు." మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మాట పడింది ఎప్పుడు? మానేసిన రోజు కాదు, మళ్లీ బయలుదేరిన రోజు. ఇంట్లో కూర్చున్న పది రోజులూ ఎవరూ ఏమీ అనలేదు, బయలుదేరగానే దెప్పుడు తగిలింది. ఈసారి మానేస్తే వాడు రాకెట్ మళ్లీ నాన్న కంట పడనివ్వడు.

అదే రోజు, "ఏరా, గ్రిప్ ఊడినట్టుందే, వచ్చేటప్పుడు మార్పించుకురా" అంటే చాలు. మెచ్చుకోళ్లు కూడా అక్కర్లేదు. ఏమీ జరగనట్టు ఉండటమే ఆ పూటకు మనం చేయగలిగిన పెద్ద సాయం.

రెండో విషయం శరీరానిది. రెండు మూడు వారాలు ఆపితే ఊపిరి పట్టు తగ్గుతుంది. అలవాటు తప్పిన కండరాలు తిరిగి పనిచేసిన మర్నాడో, ఆ మర్నాడో బాగా నొప్పి పెడతాయి. అది ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోయే మామూలు నొప్పి. పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. 'అందరూ ఆడుతున్నారు, నాకే ఆయాసం వస్తోంది, నా వల్ల కాదు' అని వాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. కాబట్టి తిరిగి వెళ్లిన మొదటి రెండు మూడు సార్లు సగం సమయమే ఆడనివ్వండి. కోచ్‌కి ముందే ఒక మాట చెప్పండి. "రేపు కాళ్లు లాగుతాయి నాన్నా, రెండు రోజుల్లో పోతుంది" అని పిల్లలకు ముందే చెబితే, ఆ నొప్పి వాళ్లను భయపెట్టదు.

జ్వరం వచ్చి తగ్గిన పిల్లల విషయంలో తొందర వద్దు. ముఖ్యంగా ఈ వానాకాలం డెంగీ వచ్చి తగ్గినవారిలో నీరసం కొన్ని వారాల పాటు ఉండవచ్చు. వాళ్లు ఎప్పుడు ఆటలకు రావాలో డాక్టరును అడిగి, ఆ మాట డైరీలో రాసి పంపండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీలు వాపు లాంటివి ఉంటే పైన చెప్పిన మామూలు నొప్పి కింద లెక్కవేయకండి.

ఎవరి ఆట?

సింధు పేరు చెప్పని తెలుగు ఇల్లు లేదు. కానీ ఆమె కథలో మనం గమనించాల్సిన సంగతి పతకాలు కాదు. పి.వి. సింధు తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ భారత జట్టుకు ఆడి, అర్జున అవార్డు కూడా పొందారు. అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయి వాలీబాల్ కాకుండా బ్యాడ్మింటన్ ఎంచుకుంది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలవడం ఆమెను ఆకట్టుకుంది. ఎనిమిదేళ్లకు రాకెట్ పట్టింది. ఇంట్లో తెలిసిన ఆటను కాదని పిల్ల తెలియని ఆట అడిగితే ఆ తల్లిదండ్రులు సరేనన్నారు.

మన పిల్లలందరూ సింధులు కానక్కర్లేదు. కానీ ఎంచుకునే వీలు మాత్రం అందరికీ కావాలి. రిచర్డ్ ర్యాన్, ఎడ్వర్డ్ డెసీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఈ విషయం మీదే పనిచేశారు. మనిషి ఒక పనిని తనంతట తాను చేస్తూ ఉండాలంటే మూడు కావాలని వారు చెప్పారు. ఇది నేను ఎంచుకున్నది అనిపించాలి, నాకు కొద్దికొద్దిగా వస్తోంది అనిపించాలి, ఇక్కడ నావాళ్లు ఉన్నారనిపించాలి.

మూడోదాన్ని మనం చాలా తక్కువగా చూస్తాం. ఊళ్లో పేరున్న అకాడమీ పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ పిల్లవాడికి తెలిసినవారు ఒక్కరూ ఉండరు. కింద సెల్లార్‌లో పక్క బ్లాకు పిల్లలు ఐదుగురు రోజూ ఆడుతుంటారు, కోచ్ లేడు, నెట్ కూడా సరిగా లేదు. ఏది ఎంచుకోవాలని అడిగితే, పోటీల్లోకి వెళ్లాలనే గట్టి కోరిక లేని పిల్లలకు సెల్లార్ అనే మా జవాబు. "రారా, ఒకడు తక్కువయ్యాడు" అని కింద నుంచి కేక వేసే స్నేహితుడు అలారం కంటే బాగా లేపుతాడు.

ఆడపిల్లల సంగతి

ఏడో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా పరుగెత్తిన అమ్మాయిలు తొమ్మిదికి వచ్చేసరికి గ్రౌండ్ పక్కన నీడలో కూర్చుంటారు. అడిగితే 'ఇంట్రెస్ట్ లేదు సార్' అంటారు. ఇంట్రెస్ట్ ఎక్కడికి పోయిందని కాస్త నెమ్మదిగా అడిగితే అసలు కారణాలు ఒక్కొక్కటే వస్తాయి. మరక పడుతుందేమోనన్న భయం. పరుగెత్తితే ఎవరో చూస్తున్నారన్న ఇబ్బంది. పెళ్లిలో ఒక పిన్నిగారు అన్న మాట: "అయ్యో, ఎండలో తిరిగి ఎంత నల్లబడిపోయిందో పిల్ల!"

వీటిలో చాలావాటికి ఇంట్లోనే సులువైన దారులున్నాయి. సరైన స్పోర్ట్స్ లోదుస్తులు, ముదురు రంగు ట్రాక్ ప్యాంట్, బ్యాగులో ఎప్పుడూ ఒక ప్యాడ్. షూస్ మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ, కానీ అమ్మాయి గ్రౌండ్‌కి వస్తుందా రాదా అన్నది చాలాసార్లు దీని మీదే ఉంటుంది. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమం వైద్యంలో లేదు. బాగా నొప్పి ఉంటే విశ్రాంతి, ఓపిక ఉంటే నడకో తేలికైన ఆటో. కొందరికి కదలడం వల్ల నొప్పి తగ్గుతుంది కూడా. నొప్పి ప్రతి నెలా బడి మానేంత ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఈ విషయాలు అమ్మ ఒక్కసారి తేలిగ్గా మాట్లాడితే చాలు, అమ్మాయి సగం బరువు దిగిపోతుంది. నాన్నలు కూడా ముఖం పక్కకు తిప్పుకోనక్కర్లేదు.

ఇక బరువు గురించి. "రోజూ స్కిప్పింగ్ చెయ్యమ్మా, సన్నబడతావు" అనే మాట దయచేసి మానేయండి. అబ్బాయిలకైనా అంతే. బరువు నెల రోజుల్లో కంటికి కనిపించేలా మారేది కాదు, పైగా అందులో తిండి పాత్ర చాలా ఎక్కువ. సన్నబడటం కోసమే స్కిప్పింగ్ మొదలుపెట్టిన అమ్మాయి నెలాఖరుకు అద్దంలో తేడా చూడదు, తాడు పక్కన పడేస్తుంది. ఆమె ఒంటి గురించి మనం ఏమనుకుంటున్నామో మాత్రం గుర్తుండిపోతుంది. దానికి బదులు ఆ రోజుకారోజు కనిపించే ఫలితాలు చూపించండి. తాడు తగలకుండా మొన్న 30 గెంతింది, ఇవాళ 42. నిన్న ఆడి వచ్చాక పడుకోగానే నిద్రపట్టింది. ఇలాంటివి పిల్లలు తమంతట తాము సరిచూసుకోగలరు.

ఫోన్ ఇస్తానంటే ఆడతాడు, కానీ...

"గంట ఆడి వస్తే అరగంట ఫోన్." చాలా ఇళ్లలో నడుస్తున్న ఒప్పందమే. మొదటి వారం బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు స్టాన్‌ఫర్డ్‌లోని ఒక నర్సరీ బడిలో బొమ్మలు గీయడం బాగా ఇష్టపడే పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి 'బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత ఎవరి ఇష్టానికి వారిని వదిలేసి చూస్తే, ముందే ఒప్పందం చేసుకుని సర్టిఫికెట్ పుచ్చుకున్న పిల్లలు మిగతావారితో పోలిస్తే సగం సమయమే బొమ్మల మీద గడిపారు. ఇష్టంగా చేసే పని కాస్తా కూలికి చేసే పనైపోయింది.

మరి జిమ్‌లో పాయింట్లు పనిచేశాయి కదా అని మీకు సందేహం రావచ్చు. రావాలి కూడా. రెండింటికీ తేడా ఉంది. అక్కడ పిల్లలు ముందే ఇష్టపడుతున్న పనికి కూలి కట్టారు. ఇక్కడ పెద్దవాళ్లు తప్పిపోయిన దారిలోకి తిరిగి రావడానికి ఒక చిన్న పలకరింపు ఇచ్చారు. మా సలహా ఇది: పిల్లలు ఇప్పటికే ఇష్టపడే ఆటకు ధర కట్టకండి. తిరిగి వెళ్లిన రోజు సాయంత్రం, ముందుగా చెప్పకుండా, వాళ్లకిష్టమైన మిర్చి బజ్జీలో, ఒక గ్లాసు చెరకు రసమో ఇప్పించండి. ఫోన్‌ను మాత్రం ఆటకు బహుమతిగా పెట్టకండి. అలా పెడితే ఫోన్ పండుగ అవుతుంది, ఆట దానికి కట్టే టికెట్టు అవుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మార్కులు తగ్గితే గుంజీళ్లు, మాట వినకపోతే మేడ చుట్టూ పరుగు. ఏ పని అయితే పిల్లలు జీవితాంతం ఇష్టంగా చేయాలని మనం కోరుకుంటున్నామో, దాన్నే శిక్షగా వాడితే ఎలా? బడిలోనైనా, ఇంట్లోనైనా ఇది కూడదు.

రోజు, చోటు, వేళ

2002లో సారా మిల్న్, షీనా ఓర్బెల్, పాస్కల్ షీరన్ బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపును ఊరికే వదిలేశారు. రెండో గుంపుకు వ్యాయామం ఎందుకు మంచిదో, చేయకపోతే గుండెకు ఏం ప్రమాదమో చదివించారు. మూడో గుంపుకు అది చదివించడంతో పాటు, 'వచ్చే వారం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తాను' అని ఒక కాగితం మీద రాయించారు. ఆ వారంలో కనీసం ఒకసారైనా 20 నిమిషాల వ్యాయామం చేసినవారు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం. రాసుకున్న గుంపులో 91 శాతం.

రెండో గుంపు అంకె చూడండి. ఉపన్యాసం ఎంత బాగున్నా అంతే పని చేస్తుంది. (ఈ వ్యాసానికి కూడా అది వర్తిస్తుందని మాకు తెలుసు. అందుకే ఈ పేజీ పక్కన పెట్టి ఒక పెన్ను తీసుకోమంటున్నాం.)

రాసేటప్పుడు గడియారం కంటే, రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడిపెట్టడం మేలు. 'సాయంత్రం అయిదున్నరకు' అనడం కంటే 'బస్సు దిగి, బ్యాగు పెట్టి, ఏదైనా కాస్త తిన్నాక కిందికి' అనడం పిల్లలకు బాగా నిలుస్తుంది. బస్సు ఆలస్యమైనా ముడి తెగదు. వాన పడితే ఏం చేయాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగడం, లేదా హాల్లో అక్కాచెల్లెళ్లు ఇద్దరూ పాట పెట్టుకుని డాన్స్. డాన్స్ వ్యాయామం కాదని ఎవరన్నారు? చెమట పట్టిందంటే లెక్కే. ఎండాకాలం వస్తే వేళ మార్చి పొద్దున్నే పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండలో ఆట వద్దే వద్దు.

ఈ కాగితం పిల్లలే రాయాలి. మీరు రాసి గోడకు అంటిస్తే అది ఇంకో టైమ్‌టేబుల్ అవుతుంది, వాళ్లకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

పదో తరగతి తల్లిదండ్రులకు

"ఈ ఒక్క సంవత్సరం ఆటలు మాన్పించేద్దాం" అనే మాట మాకు అందరికంటే ఎక్కువ వినిపించేది మీ నుంచే. భయం అర్థమవుతుంది. కానీ ఆధారాలు ఆ భయాన్ని బలపరచడం లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో ఈ విషయంపై వచ్చిన 50 అధ్యయనాలను సమీక్షించింది. బడిలో ఆటలు, వ్యాయామం వల్ల చదువుకు మేలు కనిపించిన ఫలితాలు దాదాపు సగం. మిగతావాటిలో అత్యధికం తేడా ఏమీ చూపలేదు. నష్టం చూపినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఆడితే ర్యాంకు వస్తుందని మేం చెప్పడం లేదు. ఆడినందువల్ల ర్యాంకు పోదు అంటున్నాం.

పైగా 'ఒక్క సంవత్సరం' అనేది ఒక్క సంవత్సరంతో ఆగదు. పది తర్వాత ఇంటర్, ఆ వెంటే ఎంట్రన్సులు. రెండేళ్లు మూడేళ్లు తాళం పడిన అలవాటును పద్దెనిమిదేళ్లకు మళ్లీ తెరవడం కష్టం. గంట కోచింగ్ కుదరకపోతే మానేయండి, కానీ రోజుకు 20 నిమిషాల బాస్కెట్‌బాలో, చురుకైన నడకో ఉంచండి. పరీక్షల ముందు వారం పది నిమిషాలకు తగ్గించండి. సున్నాకు మాత్రం తేవద్దు. పది నిమిషాల నుంచి మళ్లీ గంటకు పెరగడం తేలిక. సున్నా నుంచి పది నిమిషాలకు రావడమే కష్టం.

మీ సంగతి

2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. పెద్దలకు కావాల్సింది వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనట్టుగా ఉండే వేగంతో.

తల్లుల అంకె ఎందుకు ఎక్కువో విడమర్చి చెప్పనక్కర్లేదు. పొద్దున టిఫిన్, బాక్సులు, సాయంత్రం స్నాక్స్, హోమ్‌వర్కు, వంట. పిల్లలు కింద ఆడే అరగంట అమ్మ కూడా అక్కడే నడవాలంటే, ఆ అరగంట స్టవ్ దగ్గర ఇంకెవరో ఉండాలి. ఇది నాన్నలు ఆలోచించాల్సిన విషయం. వారంలో రెండు సాయంత్రాలైనా ఆ పని మీరు తీసుకోండి. అమ్మానాన్నలు కూడా మానేసి, మళ్లీ మొదలుపెట్టడం పిల్లలు చూడాలి. "రెండు వారాలు నడవలేదురా, ఇవాళ కాళ్లు నొప్పులు" అని మీరు నవ్వుతూ అంటే, ఆగడం వింత కాదని వాళ్లకు చెప్పినట్టే.

దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. ఊళ్లకు వెళ్తారు, ఆట ఆగుతుంది, ఆగనివ్వండి. అమ్మమ్మ ఇంట్లో పొలం గట్టు మీద పరుగులు, చెరువు దాకా నడకలు ఎలాగూ ఉంటాయి. సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి వారం మన గ్రౌండ్‌లో పోటీలు, టైమింగ్‌లు, ఫిట్‌నెస్ టెస్టులు ఏవీ ఉండవు. సరదా ఆటలే పెడతాం. వ్యాయామ ఉపాధ్యాయులు 'ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు' అని ఏ ఒక్కరినీ అడగరు. మీ నుంచి కోరేది ఒకటే. సెలవులకు బయలుదేరే ముందు, పిల్లల చేత డైరీ చివరి పేజీలో రెండు వరసలు రాయించండి: తిరిగి వచ్చాక మొదట ఆడే రోజు ఏది, ఆ రోజు ఎవరితో ఆడతారు. ఆ రెండో పేరు ఏ పిల్లల డైరీలోనైనా ఖాళీగా ఉంటే క్లాస్ టీచరుకు చెప్పండి. అదే సెక్షన్‌లో, అదే కాలనీలో ఉండే జోడీని మేం వెతికి పెడతాం.